స్టూడియోలో కేబుల్స్ చుడుతూ కూర్చుంటే సౌండ్ ఇంజనీర్ అవుతానా అన్నా?

ఈ వారం ప్రశ్న జనగామ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడిది. ఉత్తరం చాలా పెద్దగా ఉంది, అందులో అసలు విషయం ఇది:

"అన్నా, నాకు 22 ఏళ్లు. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ అయిపోయింది. కృష్ణానగర్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరి అయిదు నెలలైంది. ఎక్కువగా ఫోక్ సాంగ్స్ జరుగుతాయి, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్మ్ డబ్బింగ్. నా పని కేబుల్స్ చుట్టడం, స్టాండ్లు పెట్టడం, చాయ్ తేవడం. ఇంజనీర్ అన్న మంచోడే గానీ పనిలో పడితే మాట్లాడడు, ఏదీ విడమరిచి చెప్పడు. నెలకు ఖర్చులకని 4000 ఇస్తారు. నాన్న అప్పు చేసైనా నాలుగు లక్షలు కట్టి ఏడాది కోర్సు చేపిస్తానంటున్నాడు. ఫ్రెండ్స్ ఏమో లాప్‌టాప్ ఉంటే చాలు, స్టూడియో టైమ్ వేస్ట్ అంటున్నారు. ఏం చేయాలి? ఎవరూ నేర్పకపోతే ఎట్లా నేర్చుకోవాలి?"

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తా. స్టూడియో ఇప్పుడే వదలొద్దు, అప్పు కూడా ఇప్పుడే చేయొద్దు. కానీ ఈ అయిదు నెలలు గడిచినట్టే ఇంకో అయిదు నెలలు గడవకూడదు. అక్కడ నువ్వు పని చూసే పద్ధతి మారాలి, డబ్బుల సంగతి కూడా ఓనర్‌తో మాట్లాడాలి.

కేబుల్స్ నుంచే మొదలుపెడదాం. నువ్వు చుట్టే ఆ కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పూర్తిగా తెలుసా నీకు? రేపు ఒక అరగంట ముందే పో, నోట్‌బుక్ పట్టుకుని బూత్‌లో మైకు దగ్గర నుంచి బయల్దేరు. మైకు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకుకి పెట్టే మూడు పిన్నులది), గోడకున్న బాక్స్, అక్కణ్ణుంచి కంట్రోల్ రూమ్‌లో ప్యాచ్ బే (అన్ని దారులూ ఒకచోట చేరే జాక్‌ల బోర్డు), ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది), ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చే పెట్టె), కంప్యూటర్, మళ్లీ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికొచ్చి ఒక దారి మానిటర్స్‌కి, అంటే స్పీకర్లకి, ఇంకో దారి హెడ్‌ఫోన్ యాంప్ మీదుగా తిరిగి బూత్‌లో సింగర్ చెవుల దాకా. ఇదంతా బొమ్మ గీయి, ప్రతి జాక్ మీదున్న నంబర్‌తో సహా. ప్యాచ్ బేలో మామూలుగా పై వరసలో అవుట్‌పుట్లు, కింది వరసలో ఇన్‌పుట్లు ఉంటాయి, కొన్ని జతలు మనం ప్యాచ్ కేబుల్ పెట్టకపోయినా లోపలే కలిసుంటాయి, వాటిని నార్మల్ చేసినవి అంటారు. మీ దగ్గర ఏవేవి అట్లా ఉన్నాయో కనుక్కుని రాసుకో.

ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, సెషన్ మధ్యలో ఉన్నట్టుండి మైకు పలకడం ఆగిపోయిందనుకో, దారి తెలియనోడు కంగారుగా కనిపించిన బటన్ అల్లా నొక్కుతాడు. దారి తెలిసినోడు సరిగ్గా మధ్యలో చూస్తాడు, ప్రీయాంప్ మీద మీటర్ ఆడుతోందా లేదా అని. ఆడుతుంటే మైకూ కేబులూ బాగున్నట్టే, తేడా ఆ తర్వాత ఎక్కడో ఉంది. ఆడట్లేదంటే ఇటు వైపు చూడాలి, కండెన్సర్ మైకు (పలకడానికి కరెంటు కావాల్సిన రకం) అయితే కేబుల్ లోంచే దానికి పోయే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉందా, ఉంటే కేబుల్ మార్చు, అప్పటికీ లేకపోతే మైకు మార్చు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మైకు పీకేటప్పుడు మాత్రం ముందు మానిటర్స్ మ్యూట్ చేసి, ఫాంటమ్ ఆపి, ఒక అరనిమిషం ఆగి అప్పుడు తియ్యి, లేకపోతే ఆ 'ఠప్' మనే దెబ్బ స్పీకర్లకీ, హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి చెవులకీ తగులుతుంది.

నీ ఎలక్ట్రానిక్స్ ఇక్కడ బాగా పనికొస్తుంది, అది నువ్వు గుర్తించినట్టు లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో సౌండ్ రెండు వైర్లలో పోతుంది, ఒకదాంట్లో పోయేదానికి ఇంకోటి తలకిందులు. దారిలో చేరే నాయిస్ మాత్రం రెండిట్లో ఒకేలా చేరుతుంది, అవతల ఒకదాన్ని తిప్పి కలిపేసరికి సౌండ్ నిలబడుతుంది, నాయిస్ కొట్టేసుకుంటుంది. గిటార్ కేబుల్‌లో ఆ ఏర్పాటు లేదు, అందుకే అది పొడుగయ్యేకొద్దీ గుయ్యిమని హమ్ పట్టుకుంటుంది, అందుకే దాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ పద్ధతికి మార్చే డీఐ బాక్స్ మధ్యలో పెడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హమ్ 50 దగ్గర, 100 దగ్గర వినిపిస్తుంది, ఆ స్వరం చెవికి పట్టిందంటే స్టూడియోలోకి అడుగుపెట్టగానే ఎర్తింగ్ తేడా చెప్పేయగలవు. ప్రతి స్టూడియోలో ఒక మూల పాడైపోయిన కేబుల్స్ ఉన్న డబ్బా ఒకటుంటుంది. దాన్ని అడిగి తీసుకుని, మల్టీమీటర్‌తో ఎక్కడ తెగిందో చూసి సోల్డరింగ్ చేసి పెట్టు. మీ ఓనర్‌కి అది డబ్బు మిగిలే పని, ఆయన నిన్ను చూసే తీరు ఆ ఒక్కదాంతోనే మారుతుంది. చుట్టేటప్పుడు మోచేతికి వేసి చుట్టకు, లోపల వైరు మెలిపడి తెగేది అందుకే. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు తిప్పి లోపలికి, అట్లా మార్చి మార్చి వేస్తే విసిరినప్పుడు ముడి పడకుండా సాఫీగా పరుచుకుంటుంది.

ఇప్పుడు అసలైన విషయానికొస్తా. మీ దగ్గర ఫోక్ సాంగ్స్ ఎక్కువ అన్నావు, అది చాలా మంచి సంగతి. ట్రాక్ ఎవరో ఇంట్లో ప్రోగ్రామింగ్ చేసుకుని తెస్తారు, మీ దగ్గర జరిగేది గొంతులు రికార్డ్ చేయడం, మెయిన్ సింగర్, కోరస్, ఒక్కోసారి డప్పు. అంటే రోజూ ఎవరో ఒక కొత్త మనిషి ఆ బూత్‌లోకి వస్తున్నారు, ఆ మనిషి నుంచి మంచి పాట ఎట్లా బయటికొస్తోంది అనేది నీ కళ్ల ముందే జరుగుతోంది. ఇది ఏ వీడియో చూసినా రాదు.

నాలుగు మంది మధ్యలో, ఆరుబయట గొంతెత్తి పాడే అలవాటున్న అక్కని తీసుకొచ్చి నాలుగు గోడల మధ్య నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, అందులో టక్ టక్ మని తాళం లెక్క చెప్పే క్లిక్ వినిపిస్తూ పాడమంటే సగం గొంతు లోపలే ఉండిపోతుంది. శృతి పోతోంది, టైమింగ్ పోతోంది అని బయట అందరూ ఆమెను అంటుంటారు గానీ చాలాసార్లు తేడా హెడ్‌ఫోన్ బ్యాలెన్స్‌లో ఉంటుంది. ట్రాక్ మరీ ఎక్కువైతే తన గొంతు తనకు వినపడక అరుస్తుంది, శృతి పైకి పోతుంది. తన గొంతే ఎక్కువైతే వెనక్కి తగ్గి మెత్తగా పాడుతుంది, అప్పుడు కిందికి జారుతుంది. క్లిక్ తగ్గించి డప్పో ఢోలకో కొంచెం పెంచితే చాలామంది దాన్ని పట్టుకునే హాయిగా పాడేస్తారు. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ తీసేసి పాడమంటే గొంతు వెంటనే తెరుచుకునే వాళ్లూ ఉంటారు, కాకపోతే తీసిన వైపుది తలకు ఆనించి మూసి ఉంచాలి, లేదంటే క్లిక్ మైకులో పడి మిక్సింగ్‌లో ఏడిపిస్తుంది.

టైమింగ్ వెనకబడుతోందంటే ఒకసారి బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పట్టుకుని పంపే సౌండ్ ముక్క, ఎంత ఉందో చూడు. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ తీసేటప్పుడు, బఫర్ 128 శాంపిల్స్ ఉంటే ఒక వైపుకు పట్టేది 3 మిల్లీసెకన్ల లోపే, అదే 1024 పెట్టి వదిలేస్తే 21 మిల్లీసెకన్లు, పోనూ రానూ కలిపితే రెట్టింపు. సాఫ్ట్‌వేర్ మీదుగా తన గొంతు తను వింటుంటే అది అంత ఆలస్యంగా చెవిలో పడుతుంది, అట్లాంటప్పుడు ఎంత మంచి సింగర్‌కైనా తాళం కుదరదు. మిక్సింగ్ కోసం పెంచిన బఫర్‌ని రికార్డింగ్‌కి తగ్గించడం మర్చిపోవడం చాలా స్టూడియోల్లో జరిగేదే.

ఇంకా చిన్న చిన్నవి ఉంటాయి, అవే పాటని కాపాడతాయి. మైకు ముందు గాజులు గలగలమంటుంటాయి. తీసేయమని అడిగితే పెళ్లైన ఆడవాళ్లు చాలామంది ఇబ్బంది పడతారు, అడగడం పద్ధతి కూడా కాదు, "అక్కా, గాజులు కొంచెం పైకి జరిపి ఈ కర్చీఫ్ కట్టుకుంటారా" అని శుభ్రమైన కర్చీఫ్ ఇవ్వు. పట్టీలున్నాయా చూడు. పాట రాసిన కాగితం చేతిలో ఉంటే గరగరలాడుతుంది, స్టాండ్ మీద పెట్టి కింద గుడ్డ వెయ్యి. గోరువెచ్చని నీళ్లు పక్కనుంచు. అన్నిటికంటే ముఖ్యం, టేక్ అయిపోయాక బూత్‌లో ఉన్న మనిషిని నిశ్శబ్దంలో వదిలేయొద్దు. అద్దానికి ఇవతల మీరు ముగ్గురు ఏదో మాట్లాడుకుంటుంటారు, లోపలున్న ఆమెకు మూతులు కదలడం కనిపిస్తుంది గానీ మాట వినపడదు, తన గురించే ఏదో అనుకుంటున్నారని భయపడుతుంది. టాక్‌బ్యాక్ (మన మాట బూత్‌లోకి వినిపించే బటన్) నొక్కి "బాగొచ్చిందక్కా, ఒక్క నిమిషం, చరణం రెండో లైను మళ్లీ చేద్దాం" అనడానికి రెండు సెకన్లు పడుతుంది. ఇంజనీర్ అన్న పనిలో మునిగి చెప్పకపోతే, ఆయన్ని అడిగి ఆ మాట నువ్వు చెప్పు.

మైకు పెట్టడం ఎవరూ నేర్పట్లేదు అన్నావు కదా, నేర్పాల్సిన పని లేకుండా నేర్చుకునే దారి ఒకటుంది. సింగర్ రాగానే, ఇంజనీర్ అన్న లేచే లోపలే, నువ్వైతే ఏ మైకు, ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెడతావో నోట్‌బుక్‌లో రాసెయ్యి. తర్వాత ఆయన ఏం పెట్టాడో దాని పక్కనే రాయి. రెండూ కలవని చోట ఎందుకు కలవలేదో ఆలోచించు. మామూలు కార్డియాయిడ్ (ముందు వైపు సౌండ్‌ని ఎక్కువగా పట్టే) మైకుకి దగ్గరయ్యేకొద్దీ గొంతులో బేస్ పెరుగుతుంది, అందుకే సన్నగా ఉన్న గొంతుని ఆయన జానెడు కంటే దగ్గరికి రమ్మనొచ్చు, గంభీరమైన గొంతుని మూరెడు దూరం జరపొచ్చు. 'ప', 'బ' అక్షరాల గాలి తగలకుండా మైకుని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకో పైకో తిప్పి ఉంటాడు. లెవెల్ చూసేటప్పుడు అందరూ మెల్లగా పాడతారు, అసలు టేక్‌లో గొంతు లేస్తుంది, అందుకని ఆయన గెయిన్ (ప్రీయాంప్ సౌండ్‌ని పెంచే మోతాదు) తగ్గించే పెట్టుంటాడు, మీటర్ మీద సున్నా ఆఖరి హద్దు అయితే, పెద్ద గమకం వచ్చినా మైనస్ 10 డీబీ దగ్గరే ఆగేలా. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు తక్కువ లెవెల్ వల్ల నష్టమేం ఉండదు, ఆ హద్దు దాటి సౌండ్ చిట్లి క్లిప్ అయిందంటే మాత్రం ఆ టేక్ పోయినట్టే.

డప్పు వచ్చిన రోజు ఇంకా జాగ్రత్తగా చూడు. దగ్గరగా పెడితే పుల్ల దెబ్బ తప్ప ఇంకేం వినపడదు, మూడు నాలుగు అడుగులు జరిపితే చర్మం మోగడం, గది మోగడం రెండూ వస్తాయి. రెండు మైకులు పెడితే ఇంకో సంగతి ఉంది, సౌండ్ ఒక అడుగు దాటడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది, రెండు మైకుల మధ్య అంత తేడా వచ్చి రెండూ కలిపి వింటే 500 హెర్ట్జ్ దగ్గర సౌండ్ తగ్గిపోయి డప్పు డొల్లగా వినిపిస్తుంది. అన్న ఖాళీగా ఉన్నప్పుడు "నేను మైకు జరుపుతా, నువ్వు విను" అని కాకుండా "నేను హెడ్‌ఫోన్‌లో వింటూ జరపొచ్చా" అని అడుగు. చేత్తో జరుపుతూ చెవితో విన్నది ఇక మర్చిపోవు.

ఫైళ్ల సంగతి కూడా నీ చేతికి తీసుకో. పాట పేరు, తేదీ, సింగర్, టేక్ నంబర్ అన్నీ ఒకే పద్ధతిలో ఉండాలి, రాత్రి లైట్లు ఆపే ముందు సెషన్ రెండు వేర్వేరు డ్రైవుల్లో ఉండాలి. వీడియోకి పోయే పని 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, ఎవరైనా 44.1లో చేసిన ట్రాక్ తెచ్చి మార్చకుండా అట్లాగే ఎక్కిస్తే అది దాదాపు 9 శాతం స్పీడుగా పోతుంది, శృతి ఒకటిన్నర మెట్టు పెరుగుతుంది. సింగర్ వచ్చాక "ఇదేంటి, నాకు ఇంత పైన పెట్టారు" అంటుంది. సెషన్ తెరవగానే అది చూసే అలవాటు చేసుకో.

ఇక కోర్సు. కోర్సులు అనవసరం అని నేననను, పుస్తకంలో చదవాల్సిన ఫిజిక్స్, అకౌస్టిక్స్ చాలా ఉంది. నువ్వు సినిమా సౌండ్ వైపు నిజంగా పోదామనుకుంటే పుణెలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ ఉన్నాయి, రెండూ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లే, ఎంట్రన్స్ రాసి పోవాలి, సౌండ్‌కి ఆస్కార్ గెలిచిన రసూల్ పూకుట్టి చదివింది ఆ పుణె సంస్థలోనే. డిగ్రీ ఉంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసి రాయి, ఈలోపు స్టూడియోలో చేసిన పని ఇంటర్వ్యూలో నీకు బలం అవుతుంది. ప్రైవేటు కోర్సులో చేరాలంటే మాత్రం ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగమని నాన్నకు చెప్పు: బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరు ఒంటరిగా కన్సోల్ ముందు కూర్చునేది వారానికి ఎన్ని గంటలు, నిజమైన సింగర్లని, వాయిద్యాలని రికార్డ్ చేయిస్తారా లేక ముందే రికార్డ్ చేసినవి ఇచ్చి మిక్సింగ్ చేయిస్తారా. జవాబు తిన్నగా రాకపోతే నాలుగు లక్షలు అక్కడ పెట్టొద్దు. మీ నాన్న అప్పు చేస్తానంటున్నాడంటే నీ మీద ఆయనకు ఎంత నమ్మకముందో అర్థమవుతోంది, ఆ డబ్బుని ఒక ఏడాది తర్వాత, నీకు ఏది రావట్లేదో నీకే తెలిశాక వాడుకుందామని నచ్చజెప్పు.

మీ ఫ్రెండ్స్ చెప్పేదాంట్లో సగం నిజముంది. ఇప్పుడు ప్రోగ్రామింగ్, మిక్సింగ్ చాలావరకు ఇళ్లలోనే అవుతున్నాయి, కాబట్టి లాప్‌టాప్ పని నువ్వూ చేయాలి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత లైసెన్స్ కూడా తక్కువలోనే వస్తుంది. ఇంట్లో అమ్మ, అత్తమ్మ వాళ్లు బతుకమ్మ పాటలు పాడుతుంటే రికార్డ్ చేసి, ప్లగిన్స్ (సౌండ్‌ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఏవీ పెట్టకుండా ఫేడర్లతో (సౌండ్ పెంచే తగ్గించే మీటలతో) మాత్రమే బ్యాలెన్స్ చేసి విను. స్టూడియో ఫైళ్లు మాత్రం అడగకుండా ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోకు, రిలీజ్ కాని పాట పది సెకన్లు వాట్సాప్‌లో కనిపించినా కృష్ణానగర్‌లో ఇక నిన్ను ఎవరూ లోపలికి రానివ్వరు.

ఆదివారాలు ఖాళీ ఉంటే మీ ఊళ్లో చర్చిలోనో, పండగలప్పుడు సౌండ్ సిస్టమ్ వాళ్లతోనో లైవ్ పనికి పో. అక్కడ ఫీడ్‌బ్యాక్ కూతని ఆ క్షణంలో ఆపాలి, రెండో టేక్ ఉండదు, చెవి చురుగ్గా అవుతుంది. చెవులు మాత్రం కాపాడుకో. చుట్టూ ఉన్న సౌండ్ 85 డీబీ (డెసిబెల్స్) అయితే రోజుకి 8 గంటలు వినొచ్చని లెక్క, ప్రతి 3 డీబీలకి ఆ టైమ్ సగానికి తగ్గుతుంది. లైవ్ స్పీకర్ల పక్కన వంద దాటడం మామూలే, అంటే పదిహేను నిమిషాలే. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో, ఇది సలహా కాదు, ఆర్డర్ అనుకో.

డబ్బు గురించి. లండన్‌లో అబ్బే రోడ్ స్టూడియోలో జెఫ్ ఎమెరిక్ అనే కుర్రాడు 1962లో ఇంకా టీనేజ్‌లో ఉండగానే అసిస్టెంట్‌గా చేరి, టేప్ మెషీన్ దగ్గర నిలబడటం, డిస్క్ కటింగ్ అన్నీ దాటుకుంటూ 1966కల్లా బీటిల్స్‌కి మెయిన్ ఇంజనీర్ అయ్యాడు. పనిలో పడి నేర్చుకోవడం గురించి మాట్లాడేవాళ్లు ఈ కథ చెప్తుంటారు, కానీ అక్కడ కింది మెట్టు వాళ్లకి కూడా జీతం ఉండేది, తర్వాతి మెట్టు ఏంటో కూడా తెలిసుండేది, అది చెప్పరు. నీకూ ఆ రెండూ కావాలి. హైదరాబాద్‌లో 4000తో రూమూ తిండీ జరగవు, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటున్నావంటే మీ నాన్న ఆ స్టూడియోకి జీతం ఇస్తున్నట్టే లెక్క. ఆరో నెల నిండగానే ఓనర్‌ని సెషన్ లేని టైమ్‌లో కలువు. మొదట అడగాల్సింది గైడ్ ట్రాకులు, అంటే మెయిన్ సింగర్‌కి దారి చూపడానికి ముందే పాడి పెట్టే కచ్చా ట్రాకులు. "సార్, కేబుల్స్ రిపేరు, సెటప్, బ్యాకప్ అన్నీ నేను చూసుకుంటున్నా, గైడ్ ట్రాకులు, కోరస్ ట్రాకులు రికార్డ్ చేసే అవకాశం ఇవ్వండి, రూమ్ రెంటుకీ భోజనానికీ సరిపోయేలా ఇవ్వండి" అని మర్యాదగా, సాగదీయకుండా అడుగు. ఒప్పుకుంటే సరే. చూద్దాం చూద్దాం అంటూ ఇంకో మూడు నెలలు గడిచినా రికార్డ్ బటన్ నీ చేతికి రాకపోతే గొడవ పడకుండా, దండం పెట్టి ఇంకో స్టూడియో చూసుకో. అప్పటికి నీ చేతిలో ఆ నోట్‌బుక్, నువ్వు బాగుచేసిన కేబుల్స్ పేరు, నిన్ను గుర్తుపెట్టుకున్న సింగర్ల నంబర్లు ఉంటాయి.

చివరగా మాట్లాడని ఇంజనీర్ అన్న గురించి. ఆయన సెషన్‌లో మాట్లాడకపోవడం సహజం, ఒక చెవి సింగర్ మీద ఇంకో చెవి మ్యూజిక్ డైరెక్టర్ మీద ఉంటుంది, ఆ టైమ్‌లో ప్రశ్న అడిగితే ఎవరికైనా చిరాకొస్తుంది. పాట అయిపోయి అందరూ వెళ్లిపోయాక, చాయ్ ఇచ్చేటప్పుడు, రోజుకి ఒకే ఒక్క ప్రశ్న అడుగు, అదీ చూసి రాసుకున్న దాని మీద. "అన్నా, సౌండ్ ఇంజనీరింగ్ నేర్పు" అంటే ఆయన దగ్గర జవాబుండదు. "అన్నా, పొద్దున వచ్చిన అక్కకి మైకు నుదురు ఎత్తులో పెట్టి కిందికి వంచావు, నిన్నటి అన్నకి తిన్నగా పెట్టావు, ఎందుకు?" అను. ఎంత ముభావంగా ఉండే మనిషైనా దానికి మాట్లాడతాడు. ఆయన చెప్పింది అప్పటికప్పుడు రాసుకుని, తర్వాతి గైడ్ ట్రాక్ నన్ను రికార్డ్ చేయనిస్తావా అని అదే ఊపులో అడిగెయ్యి.